చివరి వరుసలో ఎవరున్నారు?

మస్జిద్‌లో జమాఅత్ నిలబడినప్పుడు ఇమాం ముందుగా చెప్పే మాట వరుసలు సరిచేసుకోమనే. ధనికుడి పక్కన కూలివాడు, అధికారి పక్కన రిక్షా తొక్కేవాడు భుజం భుజం ఆనించి నిలబడతారు. సమానత్వం గురించి పాఠశాలలో పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఈ వరుసనే ఉదాహరణగా చూపుతూ వచ్చాను. దాదాపు ముప్పై ఏళ్లుగా చెబుతున్న పాఠం అది. నిరుడు ఒక పూర్వ విద్యార్థిని వచ్చి అడిగిన ప్రశ్న తర్వాత ఆ పాఠం చెప్పడం నాకు అంత సులభంగా లేదు.

ఆ రోజు అసర్ నమాజు ముగించి ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆ అమ్మాయి వచ్చి సలాం చేసింది. ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు నా దగ్గరే చదువుకుంది. లెక్కల్లో ఎప్పుడూ ముందుండేది. బి.కామ్ మంచి మార్కులతో పాసై, కంప్యూటర్ మీద పద్దులు రాయడం కూడా నేర్చుకుంది. మా పట్నంలో ఒక పెద్ద బట్టల దుకాణంలో గుమాస్తా ఉద్యోగానికి వెళ్లి వచ్చిందట. తర్వాత కబురు చేస్తామన్నారట. కబురు రాలేదు. ఆమె కంటే తక్కువ మార్కులు వచ్చిన క్లాస్‌మేట్ మరుసటి వారమే ఆ ఉద్యోగంలో చేరింది.

"సార్, నాకు అర్థం కానిది ఒకటుంది" అంది. "మా అన్నయ్య ఆ దుకాణం గోడౌన్‌లోనే మూడేళ్లుగా పనిచేస్తున్నాడు. ఇంకో ముగ్గురు మనవాళ్లు కూడా అక్కడ ఉన్నారు. లెక్కల విభాగంలో నలుగురు ఆడపిల్లలున్నారు. ముస్లిం అని నన్ను వద్దనుకుంటే మా అన్నయ్యను ఎందుకు పెట్టుకున్నారు? ఆడపిల్లనని వద్దనుకుంటే ఆ నలుగురిని ఎందుకు పెట్టుకున్నారు? మా వీధిలో అందరూ ఇదే అంటున్నారు. వివక్ష లేదు, నీకే ఏదో తక్కువైంది అంటున్నారు. నాకేం తక్కువైంది సార్?"

నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒక్కటే. "సబర్ పట్టమ్మా, రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్" అన్నాను. ఆమె తలవంచుకుని విన్నది. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె వెళ్లాక చాలాసేపు పేపర్లు దిద్దలేకపోయాను.

ఐదుగురు స్త్రీల దావా

ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పే ఒక బంధువును ఈ సంగతి అడిగాను. ఆయన చెప్పిన ఒక పాత కేసు వింటుంటే, మా పట్నం అమ్మాయి ప్రశ్ననే ఎక్కడో సముద్రాల అవతల ఎవరో అడిగినట్టనిపించింది.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో జనరల్ మోటార్స్ కంపెనీ మీద ఐదుగురు నల్లజాతి స్త్రీలు దావా వేశారు. ఆ కార్ల ఫ్యాక్టరీలో 1964కు ముందు నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. 1970ల్లో మాంద్యం వచ్చి కంపెనీ మనుషులను తగ్గించినప్పుడు, చివర చేరినవాళ్లను ముందు తీసేయాలన్న నియమం పెట్టుకుంది. పైకి చూస్తే అందరికీ ఒకే నియమం. కానీ అందరికంటే ఆఖరున తలుపు తెరిచింది వీరికే కనుక, ఆ నియమం కింద ముందుగా బయటికి వెళ్లిందీ వీరే.

1976లో న్యాయస్థానం వారి వాదన ఒప్పుకోలేదు. కంపెనీ చాలా ఏళ్లుగా స్త్రీలకు ఉద్యోగాలిస్తోంది కనుక స్త్రీల పట్ల వివక్ష ఉందనడం కుదరదంది. ఆ స్త్రీలు తెల్లజాతివారు. రంగు వివక్ష సంగతైతే కంపెనీ మీద ఇప్పటికే మరో దావా ఉంది, అందులో కలవమంది. రెండూ కలిపి నల్లజాతి స్త్రీలనే ప్రత్యేక వర్గంగా చూడడానికి చట్టంలో చోటు లేదంది.

చూశారా! స్త్రీల పద్దులో వెతికితే తెల్లజాతి స్త్రీలు కనిపించారు, అన్యాయం కనిపించలేదు. రంగు సంగతికి వేరే పద్దు చూపించారు. రెండు పద్దుల మధ్యా ఉన్న ఈ ఐదుగురు మాత్రం ఎందులోనూ పూర్తిగా ఇమడలేదు. 1989లో కింబర్లీ క్రెన్షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఈ కేసును విశ్లేషిస్తూ నాలుగు రోడ్ల కూడలి ఉపమానం చెప్పారు. కూడలి మధ్యలో నిలబడిన మనిషిని ఏ వైపు నుంచి వచ్చే బండి అయినా గుద్దవచ్చు, అన్ని వైపుల నుంచీ వచ్చే బండ్లూ గుద్దవచ్చు. దెబ్బ తగిలాక ఏ బండి వల్ల తగిలిందో విడదీసి చూపమంటే ఆ మనిషి చూపలేదు.

మా అమ్మాయి సంగతీ అంతే. గోడౌన్‌లో ముస్లిం మగపిల్లలున్నారు. లెక్కల గదిలో హిందూ ఆడపిల్లలున్నారు. స్కార్ఫ్ కట్టుకున్న ముస్లిం ఆడపిల్ల మాత్రం ఎక్కడా లేదు. ముస్లింలను లెక్కిస్తే దుకాణం తప్పు కనబడదు, స్త్రీలను లెక్కించినా కనబడదు. ఆమెకు తక్కువైంది ఏమీ లేదు. మనం లెక్క వేసే పద్ధతిలోనే ఒక గడి లేదు.

పేరు ఒక మెట్టు, వేషం ఇంకో మెట్టు

ఇది ఊహ కాదని చూపడానికి పరిశోధకులు ఒక తేలికైన పద్ధతి కనిపెట్టారు. ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న దరఖాస్తులు తయారుచేసి, పేరు మాత్రం మార్చి ఉద్యోగాలకు పంపుతారు. ఎవరికి పిలుపు వస్తుందో లెక్కిస్తారు.

మన దేశంలో సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ ఇలా చేసిన పరీక్ష 2007లో వెలువడింది. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అన్నీ ప్రైవేటు కంపెనీలకే. అగ్రకుల హిందూ పేరుకు ఉన్న అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు దాదాపు మూడింట ఒక వంతు మాత్రమే అవకాశం ఉందని తేలింది. కంపెనీవాళ్లు ఆ మనుషుల ముఖాలు కూడా చూడలేదు. పేరు చదివారు, అంతే.

2022లో లెడ్‌బై ఫౌండేషన్ అనే సంస్థ స్త్రీల విషయంలో ఇదే చూసింది. అర్హతలు ఒకేలా ఉన్న రెండు దరఖాస్తులను, హిందూ పేరుతో ఒకటి, ముస్లిం పేరుతో ఒకటి, 1,000 ఉద్యోగాలకు పంపింది. హిందూ పేరుకు 208 చోట్ల నుంచి సానుకూల జవాబులు వచ్చాయి. ముస్లిం పేరుకు 103.

ఇక జర్మనీలో డోరిస్ వైక్సెల్‌బౌమర్ అనే ఆర్థికశాస్త్రవేత్త చేసిన పరీక్ష మన ప్రశ్నకు మరీ దగ్గరిది. ఆ దేశంలో దరఖాస్తుకు ఫోటో అంటించడం అలవాటు. ఒకే యువతి ఫోటోతో మూడు రకాల దరఖాస్తులు పంపారు. జర్మన్ పేరు పెట్టినప్పుడు 18.8 శాతం చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు. తుర్కీ పేరు పెడితే అది 13.5 శాతానికి దిగింది. అదే తుర్కీ పేరుతో, అదే యువతి తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఫోటో పంపితే 4.2 శాతమే. 2016లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పేరుతో ఒక మెట్టు దిగింది. స్కార్ఫ్‌తో దిగిన మెట్టు అంతకంటే చాలా లోతు. మనిషి మారలేదు, చదువు మారలేదు.

మన దేశంలో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నివేదికలోనూ ఈ సంగతి ఉంది. బురఖా వేసుకున్న స్త్రీలు బజారులో, ఆస్పత్రిలో, బడిలో, బస్సులో తమతో మర్యాదగా మాట్లాడడం లేదని కమిటీకి చెప్పుకున్నారు. అదే వీధి నుంచి వచ్చిన వారి భర్తలు ప్యాంటూ చొక్కా వేసుకుని అదే బస్సు ఎక్కి ఉంటారు. వారిని చూసి ఎవరూ ముఖం చిట్లించి ఉండరు. ఇంటికి వచ్చి భార్య చెబితే "నాకెప్పుడూ అలా జరగలేదే" అంటారు. ఆ మాట నిజమే. తనకు జరగనిది ఎవరికీ జరగదనుకోవడంలోనే పొరపాటు ఉంది.

ఎవరి తలుపు ఎన్నిసార్లు తట్టాలి?

వివక్ష కొందరికి ఎక్కువగా ఎదురు కావడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎదుటివారి దయ మీద ఎన్నిసార్లు ఆధారపడవలసి వస్తుందనేది అది.

సొంత ఇల్లు, సొంత దుకాణం ఉన్న ముస్లిం వ్యాపారి అద్దె ఇంటి కోసం ఎవరినీ అడగనక్కర్లేదు. ఉద్యోగం కోసం ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు. బ్యాంకు మేనేజరే ఆయన దుకాణానికి వచ్చి టీ తాగి వెళతాడు. అద్దె ఇంట్లో ఉండే కూలివాడు ఏడాదికో ఇల్లు వెతకాలి, రోజుకో మేస్త్రీని అడగాలి, అప్పు కోసం తిరగాలి. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే పేటలనే అప్పులివ్వకూడని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయని సచార్ కమిటీ రాసింది. వ్యాపారి ఏడాదికి ఒక తలుపు తడితే కూలివాడు వంద తడతాడు. వందలో ఎన్ని మూసుకుంటాయో అన్ని అవమానాలు. అందుకే ఒకే మతం, ఒకే పేట, ఒకే మస్జిద్ అయినా ఇద్దరి అనుభవం ఒకటి కాదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. అసలు తలుపే తట్టని వారికి అది మూసుకున్న సంగతి తెలియదు. మా అమ్మాయి ఆ దుకాణం తర్వాత మరో పదిచోట్లకు వెళ్లి పదిసార్లు కాదనిపించుకుంది. పక్కింటి అమ్మాయి ఇంటర్‌తో చదువు మాని ఇంట్లో ఉంది. ఆమెను ఎవరూ కాదనలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ వివక్ష చూశారని అడిగితే చదువుకున్న అమ్మాయే అని తేలుతుంది. చదువుకున్నవాళ్లు ఊరికే గొణుగుతారని కొందరు పెద్దలు అనడం విన్నాను. వాళ్లు గొణగడం లేదు. గడప దాటారు కనుక వాళ్లకే దెబ్బ తగిలింది.

మన ఇంటి సంగతి

ఇంతవరకు రాసినది చదువుతూ తల ఊపే సోదరులు చాలామంది ఉంటారు. బయటివాళ్లు మనకు చేసే అన్యాయం కదా, వినడానికి బాగుంటుంది. కానీ ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిన మాట నేనింకా పూర్తిగా చెప్పలేదు. గుమ్మం దిగుతూ ఆగి ఆమె ఇంకొక మాట అంది.

"బయటివాళ్లు నా స్కార్ఫ్ చూశారు సార్. మనవాళ్లు మా ఇంటిపేరు చూశారు. మా అక్క సంగతి మీకు తెలుసు కదా."

తెలుసు. వాళ్లది నూర్‌బాషా కుటుంబం. దూదేకులవాళ్లని మనం పిలిచే వారు. తాతల కాలంలో భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి బతికారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆ అమ్మాయి అక్కను రెండేళ్ల కిందట మా తమ్ముడి కొడుక్కి అనుకున్నాం. అమ్మాయి టీచర్ ట్రైనింగ్ చేసింది. నమాజు, ఖుర్ఆన్ పారాయణం తప్పని పిల్ల. అంతా కుదిరే సమయానికి మా ఇంటి పెద్దావిడ ఒకరు, "వాళ్ల ఖాందాన్ ఏమిటి? ఉర్దూ కూడా రాదట కదా" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. గదిలో ఉన్న ఒకే ఒక్క మౌల్వీని నేను. నేనూ మాట్లాడలేదు. సంబంధం అక్కడితో ఆగిపోయింది.

మాట్లాడడానికి నా దగ్గర విషయం లేక కాదు. నికాహ్‌లో సరిజోడు, అంటే కుఫూ గురించి మేం మదరసాలో చదువుకున్నాం. మన హనఫీ ఫిఖ్హ్ గ్రంథాల్లో వంశం, వృత్తి ప్రస్తావన ఉన్న మాట నిజమే. ధర్మనిష్ఠనే గీటురాయిగా తీసుకున్న ఇమాం మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం కూడా అదే పాఠంలో ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా చేసి చూపినది అన్నిటికంటే ముందుంది. ఖురైష్ వంశ స్త్రీ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు ఆయన సూచించిన వరుడు ఉసామా బిన్ జైద్ (రజి), అంటే విముక్తుడైన బానిస కుమారుడు. ఆమె మొదట ఇష్టపడలేదు. తర్వాత ప్రవక్త మాట విని చేసుకుంది, ఆ వివాహంలో సుఖపడింది. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ సంగతిని నేను ఎన్ని నికాహ్ ప్రసంగాల్లో చెప్పానో లెక్క లేదు. మా ఇంట్లో అవసరమైన రోజున మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుసు. దాని మూలం నలభై ఏళ్ల కిందటిది. నేను చదువుకున్న మదరసాలో ఒక పల్లెటూరి దూదేకుల కుర్రాడు చేరాడు. ఉర్దూ పలకడం వచ్చేది కాదు. 'ఖాఫ్' అక్షరం పలికినప్పుడల్లా తరగతి అంతా నవ్వేది. తోటి పిల్లలు వాడి పేరు పెట్టి పిలవలేదు, కులం పెట్టి పిలిచారు. దస్తర్‌ఖాన్ దగ్గర వాడు చివర కూర్చునేవాడు. వాడి జ్ఞాపకశక్తి మాత్రం మా అందరికంటే మిన్న. నేను దర్జీ కొడుకును. నా షేర్వానీ మోచేతుల దగ్గర అతుకులుండేవి. వాడు రాకముందు నవ్వులు నా మీద ఉండేవి. వాడు వచ్చాక అందరికంటే పెద్దగా నవ్వింది నేనే. వాడిని చూసి నవ్వుతున్నంత సేపు నా అతుకులు ఎవరికీ కనబడవని నాకు తెలుసు. ఏడాది తిరక్కుండా వాడు ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పైవాడు తన్నితే తన్నించుకున్నవాడు కిందివాడి వైపు తిరుగుతాడు. ఆ కిందివాడు ఇంకా కిందివాడి వైపు. అందరికంటే కింద ఉన్న మనిషి మీద పై నుంచి వచ్చిన దెబ్బలన్నీ చేరతాయి. కొందరికి వివక్ష ఎక్కువ ఎందుకు ఎదురవుతుందని అడిగితే, నా జీవితం నుంచి చెప్పగల జవాబు ఇదే. బయట దెబ్బ తిన్నవారు ఇంట్లో దయగా ఉంటారని మనం అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు.

చట్టం చూసినవి, చూడనివి

మనలో కులాలు లేవని బయటివాళ్లతో వాదించడం మనకు అలవాటు. ధర్మంలో లేవు, నిజమే. సమాజంలో ఉన్నాయని ప్రభుత్వ జాబితాలే చెబుతాయి. 1970లో ఆంధ్రప్రదేశ్ తయారుచేసిన వెనుకబడిన తరగతుల జాబితాలోనే మెహతర్ ముస్లింలు 'ఎ' గ్రూపులో, దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు 'బి' గ్రూపులో ఉన్నారు. 2007లో వచ్చిన చట్టం ఫకీర్లు, హజామ్‌లు, ధోబీ ముస్లింలు, ఖురేషీలు, అత్తరు సాయిబులు, షేక్‌లు తదితర వర్గాలకు 'ఇ' గ్రూపు కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వర్గాలను అందులో చేర్చలేదు. ఆ చట్టం కోర్టుకెక్కింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ వర్గాలకు రిజర్వేషన్ కొనసాగింది.

అప్పట్లో మనలోనే కొందరు, ఇది ముస్లింలను ముక్కలు చేయడమేనని బాధపడ్డారు. ఆ బాధలో నేనూ పాలుపంచుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ముక్కలు చేసింది జాబితా కాదనిపిస్తుంది. గుసుల్ చేయించేందుకు పిలిచి భోజనానికి పిలవని చోట, జుట్టు కత్తిరించే హజామ్ కూతురిని కోడలిగా తెచ్చుకోని చోట ఆ ముక్కలు ముందే ఉన్నాయి. జాబితా వాటిని రాసి పెట్టింది.

చట్టం చూడని గడులు ఇంకా ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. పాకీపని చేసిన తాతకు మనవడైన ముస్లింకు, క్రైస్తవుడికి ఆ హోదా లేదు. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపరమైన షరతును తొలగించమని సిఫార్సు చేసింది. అతడిని కులం పేరుతో దూరం పెట్టేవారు ఇతర మతాల్లో ఉన్నారు, మనలోనూ ఉన్నారు. రక్షణ అడిగితే మాత్రం నీ మతంలో కులం లేదు కదా అంటారు. మన వాదననే అతడి మీదికి తిప్పుతున్నారు.

ఊడ్చిన స్త్రీ సమాధి

మదీనాలో దైవప్రవక్త (స) మస్జిద్‌ను ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. కొన్ని ఉల్లేఖనాల్లో ఆమె పేరు ఉమ్మె మిహ్‌జన్ అని ఉంది. ఆమె రాత్రివేళ మరణించింది. సహచరులు జనాజా నమాజు చేసి ఖననం చేశారు. ప్రవక్తకు కబురు చేయలేదు. ఆమె సంగతి అంత చెప్పదగిందిగా వారికి తోచలేదని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు చెబుతుంది. వారు చెడ్డవారు కారు. ఉమ్మత్‌లో అందరికంటే శ్రేష్ఠులు. అయినా నలుపు రంగు, పేదరికం, స్త్రీ జన్మ, ఊడ్చే పని, ఈ నాలుగూ ఒక్క మనిషిలో కలిసినప్పుడు ఆ మనిషి వారి చూపు నుంచి కూడా తప్పిపోయింది.

ఆమె కనబడడం లేదని గమనించింది ప్రవక్త (స) ఒక్కరే. ఏమైందని అడిగారు. తెలిశాక, నాకెందుకు చెప్పలేదని మందలించారు. సమాధి చూపించమని, అక్కడికి వెళ్లి నమాజు చేశారు.

ఈ హదీసును నేను ఎన్నోసార్లు చదివాను, చదివించాను. మస్జిద్ శుభ్రత గొప్పతనం చెప్పడానికే ఎప్పుడూ వాడాను. ఇందులో ఇంకో పాఠం ఉందని ఈ వయసులో తెలిసింది. ఎవరు రాలేదో గమనించడం నాయకుడి పని. వచ్చినవారిని లెక్కపెట్టడం ఎవరైనా చేయగలరు.

అంధుడైన అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో 'అబస' సూరా అవతరించిన సందర్భం మనందరికీ తెలుసు. ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్నప్పుడు మధ్యలో వచ్చిన అంధుడి పట్ల ముఖం చిట్లించినందుకు సాక్షాత్తు ప్రవక్తకే అల్లాహ్ హెచ్చరిక వచ్చింది. చూపు లేని మనిషికి ఆ చిట్లింపు కనబడి ఉండదు. అయినా అది అల్లాహ్ దృష్టిలో లెక్కకు వచ్చింది. మరి మన చిట్లింపుల సంగతేమిటి?

మనం చేయగలిగినవి

ప్రభుత్వం చేయవలసినవి ప్రభుత్వాన్ని అడుగుదాం. మన చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. జుమా రోజున ఉర్దూ రానివారు సగం మంది కూర్చునే మస్జిద్‌లో ప్రసంగం తెలుగులో కూడా ఉండాలి. జకాత్, స్కాలర్‌షిప్ పంచేటప్పుడు అడగడానికి వచ్చినవారితో ఆగకుండా, రానివారెవరో వెతకాలి. ఫకీర్ వాడలో, చెత్త ఎత్తే కుటుంబాల్లో ఆడపిల్ల చదువుతోందా అని ముందు చూడాలి. కమిటీల్లో ఏ ఖాందాన్‌వాళ్లు ఎన్నడూ లేరో ఒకసారి కాగితం మీద రాసుకోవాలి. నికాహ్ సంబంధం చూసేటప్పుడు 'జాత్' అన్న మాట ఎవరైనా ఎత్తితే ఆ గదిలో ఉన్న ఆలిమ్ మౌనంగా ఉండకూడదు.

ఆ అమ్మాయి కోసం మన వ్యాపారులు ఇద్దరి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఒకరు ఆడపిల్ల ఎందుకన్నారు. ఇంకొకరు, ఎవరి అమ్మాయి అని అడిగి, చెప్పాక చూద్దామన్నారు. చివరకు ఉద్యోగం ఇచ్చింది ఒక ఆడిటర్. ఆయన ముస్లిం కాదు. ఆమెను ఆయన అడిగిన మొదటి ప్రశ్న టాలీ వచ్చా అని. రెండో ప్రశ్న సోమవారం రాగలవా అని. మనిషిని పనిని బట్టి చూడడం కష్టమేమీ కాదని ఆయన రెండు ప్రశ్నల్లో చూపించారు.

ఆమె అక్కకు వేరేచోట పెళ్లయింది. అల్లాహ్ దయవల్ల సుఖంగా ఉంది. నేను ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి ఆమె తండ్రి ముందు, ఆ రోజు నేను మాట్లాడి ఉండవలసిందని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "జరిగిపోయిందిలెండి సార్, టీ తాగండి" అన్నారు. ఆయన క్షమించారో, అతిథి మర్యాద కోసం అన్నారో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది.

ఇంటికి వస్తూ ఆ మదరసా కుర్రాడిని తలుచుకున్నాను. వాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. వాడి ఇంటికి వెళ్లి టీ తాగే అవకాశం నాకు లేదు. నా తరగతిలో మాత్రం, ఎవరి ఉచ్చారణ విని ఎవరు నవ్వినా పాఠం అక్కడ ఆపేస్తున్నాను. ముందుగా అందరికంటే పెద్దగా నవ్విన పిల్లవాడి వైపు చూస్తాను. వాడి చొక్కాకు అతుకు ఉందేమోనని.